రెట్రో గేమ్ కేసులకి కవర్లు ఇంట్లోనే ప్రింట్ చేసుకోవడం: కొలతంతా స్పైన్ దగ్గరే

పాత గేమ్ డిస్క్ దొరుకుతుంది, దానికి కవరు ఉండదు. లేదా కవరు నీళ్లు తగిలి ఉబ్బిపోయి ఉంటుంది, దాని మీద స్టిక్కర్ పీకిన మచ్చలుంటాయి. నెట్‌లో బొమ్మ దొరుకుతుంది, ఇంట్లో ప్రింటర్ ఉంటుంది, అరగంటలో కవరు తయారవుతుంది. చేతిలో పట్టుకుని చూస్తే బాగానే ఉంటుంది. అల్మరాలో అసలు కవర్ల మధ్య నిలబెట్టగానే తేడా బయటపడుతుంది. టైటిల్ ఒక పక్కకి జరిగి ఉంటుంది, ముందు బొమ్మ రంగు సన్నటి గీతలాగా స్పైన్ (టైటిల్ ఉండే సన్నటి పక్క అంచు) మీదకి వచ్చి ఉంటుంది, లోగో పక్క కేసుల లోగోలకంటే కిందకి దిగి ఉంటుంది.

అల్మరాలో ఉన్న కేసుకి కనబడేది స్పైన్ ఒక్కటే. ముందు బొమ్మ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు. 14 మి.మీ. స్పైన్ మీద ఒక మిల్లీమీటరు తప్పితే అడుగు దూరం నుంచి తెలిసిపోతుంది. అందుకే కొలతలు, కాగితం, మడత, కోత అన్నీ స్పైన్‌ని దృష్టిలో పెట్టుకునే చెయ్యాలి. మొత్తం పనిని నేను ఆ లెక్కనే చెబుతాను.

ముందు కొలత

ప్లేస్టేషన్ 2, మొదటి ఎక్స్‌బాక్స్, అమెరికా, యూరప్‌లలో అమ్మిన గేమ్‌క్యూబ్ గేమ్‌లు మామూలు డీవీడీ కేసు సైజులోనే వచ్చాయి. ఆ కవరు విప్పి పరిస్తే 273 మి.మీ. వెడల్పు, 183 మి.మీ. ఎత్తు. వెడల్పు లెక్క ఇలా: వెనక భాగం 129.5, స్పైన్ 14, ముందు భాగం 129.5. అచ్చు వైపు మనకి కనబడేలా పెడితే ఎడమ చేతి వైపు వెనక భాగం, మధ్యలో స్పైన్, కుడి వైపు ముందు భాగం వస్తాయి. ఇంగ్లీషు కవర్లలో స్పైన్ టైటిల్ పై నుంచి కిందకి చదువుకునేలా ఉంటుంది, అంటే అక్షరాల తల ముందు భాగం వైపు తిరిగి ఉంటుంది. టైటిల్ మళ్లీ టైప్ చేసేవాళ్లు అక్షరాలని తిరగేసి పెట్టడం తరచూ జరుగుతుంది కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

ఈ అంకెల్ని మొదలుపెట్టడానికి వాడుకోండి, వాటి మీదే ఆధారపడకండి. కొత్తగా కొన్న ఖాళీ కేసులు అన్నీ 14 మి.మీ.వి కావు. 9, 7 మి.మీ. సన్న కేసులు కూడా అదే ఎత్తులో దొరుకుతాయి. మెగా డ్రైవ్, జెనెసిస్ ప్లాస్టిక్ పెట్టెల స్పైన్ డీవీడీ కేసుకంటే బాగా వెడల్పు. ఏ కేసుకైనా నమ్మదగ్గ పద్ధతి ఒక్కటే: ఖాళీ కాగితంతో నమూనా చేసుకోవడం.

మామూలు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) ఎ4 కాగితాన్ని అనుకున్న సైజుకంటే రెండు మి.మీ. ఎక్కువ ఉంచి కత్తిరించండి. ప్లాస్టిక్ పొరలోకి దూర్చండి. పట్టకపోతే ఒక్కొక్క మిల్లీమీటరు తగ్గిస్తూ రండి. ముడత పడకుండా, పక్కలకి జరగకుండా కూర్చున్న సైజే మీ కేసు సైజు. ఇప్పుడు కేసు మూసి, స్పైన్ రెండు అంచుల వెంబడి ప్లాస్టిక్ మీద నుంచే బొటనవేలి గోరుతో పై నుంచి కిందకి గట్టిగా ఒకసారి గీయండి. నమూనా బయటికి తీస్తే రెండు సన్నటి గీతలు పడి ఉంటాయి. వాటి మధ్య దూరాన్ని స్టీలు స్కేలుతో పైన, మధ్యలో, కింద కొలవండి. మూడూ ఒకేలా లేకపోతే కాగితం వంకరగా కూర్చుందని అర్థం, మళ్లీ పెట్టి గీయాలి. ఎడమ అంచు నుంచి మొదటి గీత దాకా, రెండో గీత నుంచి కుడి అంచు దాకా కూడా కొలిచి నమూనా మీదే రాసి పెట్టుకోండి. అదే రకం కేసుకి ఇక ఎప్పుడూ కొలవక్కర్లేదు.

చివరి కోత సైజుని నమూనా కంటే అర మి.మీ. తక్కువ పెట్టుకోవడం మంచిది. ప్రింటింగ్ కాగితం నమూనా కాగితం కంటే మందంగా ఉంటుంది కాబట్టి మూలల దగ్గర ఆ కాస్త చోటు కావాలి.

బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చినా

స్కాన్ దొరికిందంటే ముందు చూడాల్సింది అది మీ దగ్గరున్న డిస్క్‌దేనా అని. ప్లేస్టేషన్ 2లో అమెరికా డిస్కుల మీద ఎక్కువగా SLUS, అంటే ఎస్ఎల్‌యూఎస్ అని, యూరప్ డిస్కుల మీద ఎస్ఎల్ఈఎస్ అని మొదలయ్యే కోడ్ ఉంటుంది. ఆ కోడ్, అంకెలతో సహా, కవరు మీది కోడ్‌తో సరిపోవాలి. వయసు గుర్తులు కూడా ఆనవాలు చెబుతాయి. ఈఎస్ఆర్‌బీ ఉంటే అమెరికా, సెరో ఉంటే జపాన్, పెగీ ఉంటే యూరప్. పెగీ మొదలైంది 2003లో. 2001లో వచ్చిన యూరప్ గేమ్ కవరు మీద ఆ గుర్తు కనబడితే అది మొదటి ముద్రణ కవరు కాదు. బడ్జెట్ ముద్రణల కవర్లు, అంటే గ్రేటెస్ట్ హిట్స్, ప్లాటినం లాంటివి, స్పైన్ రంగుతో సహా వేరుగా ఉంటాయి.

తర్వాత పిక్సెళ్లు. 300 డీపీఐకి (అంగుళానికి 300 పిక్సెళ్లు) 273 × 183 మి.మీ. అంటే 3224 × 2161 పిక్సెళ్లు. అందులో స్పైన్ వాటా 165 పిక్సెళ్లే. అందుకే 1500 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ ముందు భాగంలో ఫరవాలేదనిపించినా, స్పైన్ మీది చిన్న అక్షరాలు, వెనక కాపీరైట్ లైన్లు అలుక్కుపోతాయి. చిన్న బొమ్మని సాఫ్ట్‌వేర్‌లో పెద్దది చేస్తే పిక్సెళ్ల లెక్క పెరుగుతుంది గానీ లేని వివరం రాదు.

అసలు కవరు ఎవరిదగ్గరైనా అరువు దొరికితే సొంతంగా స్కాన్ చేసుకోవడమే మేలు. 273 × 183 కాబట్టి మామూలు ఎ4 స్కానర్ అద్దం మీద హాయిగా పడుతుంది. కవరు కేసులోంచి తీసి, మూత మీద ఒక బరువైన పుస్తకం పెట్టి స్కాన్ చెయ్యండి. సన్నటి స్కానర్లలో ఉండే సీఐఎస్ సెన్సార్‌కి ఫోకస్ లోతు చాలా తక్కువ. కాగితం అద్దం నుంచి ఒక మిల్లీమీటరు లేచినా మసకబారుతుంది, సరిగ్గా లేచేది స్పైన్ మడతల దగ్గరే.

అసలు కవరు ఆఫ్‌సెట్ అచ్చు. అది నాలుగు రంగుల చుక్కల జాలీ. దాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే చుక్కలకీ పిక్సెళ్లకీ పొంతన కుదరక అలలలాంటి గీతలు వస్తాయి, దాన్నే మోయిరే అంటారు. విరుగుడు ఏమిటంటే 600 డీపీఐలో స్కాన్ చేసి, చుక్కలు కలిసిపోయేంతగా గాసియన్ బ్లర్ (బొమ్మని మసకబరిచే ఫిల్టర్) వేసి, ఆ తర్వాతే 300కి దించడం. ముద్రణ అంగుళానికి 150 లైన్ల జాలీ అయితే 600 డీపీఐలో ఒక్కో చుక్క నాలుగు పిక్సెళ్లలో పడుతుంది, కాబట్టి రెండు పిక్సెళ్ల దగ్గర బ్లర్ సరిపోతుంది. దించాక కొద్దిగా షార్పెన్ చెయ్యండి. ఇక్కడ ఒక మెళకువ ఉంది. నల్లటి చిన్న అక్షరాలు ఎక్కువగా ఒక్క నల్ల సిరాతోనే అచ్చవుతాయి, వాటిలో చుక్కల జాలీ ఉండదు. వాటిని సెలెక్ట్ చేసి బ్లర్ నుంచి తప్పిస్తే వెనక భాగంలో రాత పదునుగా నిలబడుతుంది.

స్పైన్‌ని మాత్రం స్కాన్‌లోంచి నేరుగా వాడకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. అల్మరాలో ఏళ్ల తరబడి వెలుగు పడింది దాని మీదే. వెలుగుకి పసుపు, మెజెంటా సిరాలు ముందు పోతాయి, సయాన్, నలుపు నిలుస్తాయి. అందుకే ముందు భాగం ఎర్రగా మెరుస్తున్న కవరుకి స్పైన్ పాలిపోయి నీలి ఛాయలో కనిపిస్తుంది. లెవెల్స్, కర్వ్స్‌తో ఎంత లాగినా పోయిన ఎరుపు తిరిగి రాదు, మరకలే వస్తాయి. దానికి తోడు మడతల మీద అచ్చు పగిలి తెల్ల గీతలుంటాయి. కాబట్టి ముందు భాగంలో బాగున్న చోట ఐడ్రాపర్‌తో అదే రంగు తీసుకుని స్పైన్‌ని కొత్తగా నింపండి. టైటిల్‌నీ లోగోనీ ఇంక్‌స్కేప్ లాంటి గీత ప్రోగ్రామ్‌లో వెక్టర్‌గా (ఎంత పెంచినా పదును పోని గీతలుగా) గీసుకోండి. గంట పని, కానీ కవరులో ఎక్కువగా కనిపించేది ఆ గంటలో చేసినదే.

ఫైల్ అమరిక

పేజీని 297 × 210 మి.మీ. అడ్డం ఎ4గా పెట్టుకుని, కవరుని సరిగ్గా మధ్యలో ఉంచండి. పక్కలకి 12 మి.మీ., పైనా కిందా 13.5 మి.మీ. మిగులుతుంది. బొమ్మని నాలుగు వైపులా 3 మి.మీ. బయటికి సాగదీయండి, అదే బ్లీడ్. కోత వెంట్రుకవాసి తప్పినా తెల్ల అంచు రాకుండా కాపాడేది అదే. స్కాన్‌లో బ్లీడ్ ఉండదు కాబట్టి అంచు రంగునే క్లోన్ టూల్‌తో బయటికి పొడిగించాలి.

లెటర్ సైజు కాగితం వాడే చోట ఇబ్బంది ఉంది. దాని పొడవు 279.4 మి.మీ., అంటే కవరుకి పక్కన మిగిలేది మూడు మిల్లీమీటర్ల చిల్లర. చాలా ప్రింటర్లు ఆ మేర అంచు వదిలేస్తాయి, బ్లీడ్‌కి గానీ గుర్తులకి గానీ చోటుండదు. లీగల్ సైజు కాగితం తీసుకుంటే గొడవ ఉండదు.

కోత గుర్తులు, మడత గుర్తులు కవరుకి బయట, బ్లీడ్ దాటాక పెట్టండి. మడత గుర్తు బొమ్మ మీద పడితే అది శాశ్వతం. వీటితో పాటు పేజీ అంచు ఖాళీలో సరిగ్గా 100 మి.మీ. గీత ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా గీసి పెట్టండి. ఈ రెండు గీతల ఉపయోగం ముందు ముందు తెలుస్తుంది.

స్పైన్ రంగు, పక్క భాగాల రంగు వేరైతే, ఆ రెండూ కలిసే గీతని ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించాలి. సరిగ్గా మడత మీదే పెడితే కాగితం పావు మిల్లీమీటరు జరిగినా ముందు రంగు స్పైన్ మీదకి తొంగి చూస్తుంది. అందుకే స్పైన్ రంగుని రెండు వైపులా 0.3 నుంచి 0.5 మి.మీ. బయటికి తియ్యండి. స్పైన్ రంగు ముందుకి ఆ మాత్రం వస్తే కంటికి ఆనదు, ముందు రంగు స్పైన్‌లోకి వస్తే మాత్రం పట్టేస్తుంది.

చివరగా పీడీఎఫ్‌గా ఎగుమతి చెయ్యండి. పీఎన్‌జీని నేరుగా ప్రింట్ చేస్తే దానిలో డీపీఐ సమాచారం ఉండకపోవచ్చు, అప్పుడు సైజుని ప్రోగ్రామ్ తనకి తోచినట్టు వేస్తుంది. పీడీఎఫ్‌లో పేజీ సైజు మిల్లీమీటర్లలో స్థిరంగా ఉంటుంది.

కాగితం

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడ. ఫోటో పేపరు మెరుస్తుంది కాబట్టి అదే మంచిదనుకుంటారు. 230, 260 జీఎస్ఎం ఫోటో పేపరు మందం పావు మిల్లీమీటరు దాకా ఉంటుంది. అది మడత దగ్గర పదునుగా తిరగదు. స్పైన్ గుండ్రంగా ఉబ్బుతుంది, కేసు పూర్తిగా మూసుకోదు, మూసినా తెరుచుకోవాలని చూస్తుంది, బలవంతపెడితే ప్లాస్టిక్ పొర మూలల దగ్గర అతుకు ఊడుతుంది. అసలు కవర్లు పల్చటి ఆర్ట్ పేపరు మీద అచ్చయినవి. ఇంట్లో పనికి 120 నుంచి 150 జీఎస్ఎం కోటెడ్ గ్లాసీ కాగితం సరిపోతుంది. బ్రోచర్ పేపరు పేరుతో వచ్చేవి ఈ కోవలోవే. 160 దాటితే వద్దు. పూర్తి గ్లాసీ దొరక్కపోతే శాటిన్ తీసుకోండి, ప్లాస్టిక్ పొర వెనక్కి వెళ్లాక ఆ తేడా దాదాపు తెలియదు.

కాగితం మీ ప్రింటర్ రకానికి తగినదే కావాలి. ఇంక్‌జెట్ ఫోటో పేపరుని లేజర్‌లో పెడితే ఫ్యూజర్ (రంగు పొడిని కరిగించి కాగితానికి అతికించే భాగం) వేడికి పై పూత కరిగి రోలర్‌కి అంటుకుంటుంది, ఆ బాగుచేత ఖర్చు ప్రింటర్ ఖరీదుకి దగ్గరగా పోతుంది. లేజర్ గ్లాసీ కాగితాన్ని ఇంక్‌జెట్‌లో పెడితే సిరా పీల్చుకోదు, మర్నాడు కూడా వేలికి అంటుతుంది.

ఎవరూ చెప్పని సంగతి గ్రెయిన్. కాగితంలో పోగులు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకుని ఉంటాయి. ఆ దిశ వెంబడి మడిస్తే మడత శుభ్రంగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పూత పగిలి తెల్లగా బయటపడుతుంది. అమ్మే ఎ4లో గ్రెయిన్ సాధారణంగా 297 మి.మీ. పక్క వెంబడి ఉంటుంది. మన స్పైన్ మడతలేమో 210 మి.మీ. పక్క వెంబడి పడతాయి. అంటే మామూలు ఎ4 తీసుకుంటే మడత గ్రెయిన్‌కి అడ్డంగానే పడుతుంది. నల్లటి, ముదురు ఎరుపు స్పైన్ల మీద మడత అంచులు తెల్లగా గీతలు కట్టడానికి అసలు కారణం ఇదే.

దీనికి చక్కటి దారి ఉంది. గ్రెయిన్ 420 మి.మీ. పక్క వెంబడి ఉన్న ఎ3 కాగితం తీసుకుని రెండు సగాలు చేస్తే, వచ్చే రెండు ఎ4 ముక్కల్లో గ్రెయిన్ 210 మి.మీ. పక్క వెంబడి ఉంటుంది. మనకి కావలసింది అదే. కాగితం కొన్నాక గ్రెయిన్ ఎటుందో చూసుకోవడం తేలిక. షీటుని మడత పడనివ్వకుండా ఒకసారి పొడుగ్గా, ఒకసారి అడ్డంగా చేత్తో వంచి చూడండి. ఏ వైపు తక్కువ బలంతో వంగిందో, ఆ వంపు వెంబడే గ్రెయిన్ ఉన్నట్టు.

ప్రింట్ చేసేటప్పుడు

ప్రింట్ డైలాగ్‌లో స్కేల్ 100 శాతం లేదా యాక్చువల్ సైజ్. ఫిట్ టు పేజ్ ఉంటే తీసెయ్యండి. అది పేజీని ప్రింటర్ అంచుల లోపలికి కుదిస్తుంది. 97 శాతానికి కుదిస్తే 273 కాస్తా 264.8 అవుతుంది, ఎనిమిది మిల్లీమీటర్లు పోయినట్టు. బోర్డర్‌లెస్ కూడా వద్దు. అంచులు దాటి సిరా పడాలని అది బొమ్మని కొద్దిగా పెద్దది చేస్తుంది, ఎంత పెద్దది చేసిందో సెట్టింగుల్లో సరిగ్గా తెలియదు.

మొదటి ప్రింటు మామూలు కాగితం మీద, డ్రాఫ్ట్‌లో. ఇప్పుడు ఆ 100 మి.మీ. గీతల్ని స్టీలు స్కేలుతో కొలవండి. కాగితం లోపలికి వెళ్లే దిశలో రోలర్ల పట్టుని బట్టి కొద్దిగా తేడా రావడం మామూలే. ఆ దిశలో 99.5 వస్తే 273 మీద దాదాపు 1.4 మి.మీ. తగ్గినట్టు. ఆ పక్కని 100.5 శాతం చేస్తే సరిపోతుంది. మంచి కాగితం మందం వేరు కాబట్టి రోలర్ పట్టు మారవచ్చు, దాని మీద కూడా ఒకసారి కొలవాలి.

పేపర్ టైప్ సెట్టింగ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. చాలా ఇంక్‌జెట్‌లలో అక్షరాల కోసం పిగ్మెంట్ నలుపు (రంగు రేణువుల సిరా), ఫోటోల కోసం డై సిరాలు (రంగు కరిగి ఉండేవి) వేరువేరుగా ఉంటాయి. ప్లెయిన్ పేపర్ అని చెబితే ప్రింటర్ పిగ్మెంట్ నలుపు వాడుతుంది. అది గ్లాసీ పూతలోకి ఇంకదు, పైనే పొడిలా ఉండి ప్లాస్టిక్ పొరలోకి దూర్చేటప్పుడు గీసుకుపోతుంది. నలుపు ఎంత ఆరినా చేతికి అంటుతోందంటే ముందు చూడాల్సింది ఈ సెట్టింగే. గ్లాసీ లేదా బ్రోచర్ అని ఎంచుకోండి, క్వాలిటీ హైలో పెట్టండి. అలాగని అన్నిటికంటే పై మెట్టు ఎంచుకుంటే 120 జీఎస్ఎం కాగితం మీద ముదురు రంగు కవర్లకి సిరా మరీ ఎక్కువై కాగితం అలలు తిరుగుతుంది.

రంగు నిర్వహణ ఒక్కరే చెయ్యాలి, ప్రోగ్రామ్ అయినా, ప్రింటర్ డ్రైవర్ అయినా. రెండూ చేస్తే ఎరుపులు మండిపోతాయి, చర్మం రంగు గులాబీ అవుతుంది. కాగితానికి ప్రొఫైల్ (దాని రంగుల లెక్క ఉన్న ఫైల్) లేకపోతే ఫైల్‌ని ఎస్‌ఆర్‌జీబీలో ఉంచి పని డ్రైవర్‌కే వదిలెయ్యండి. ప్రింటు తెర మీదకంటే చీకటిగా వస్తే ఎక్కువసార్లు తప్పు ప్రింటర్‌ది కాదు, తెర వెలుగు మరీ ఎక్కువ. పూర్తి కవరుని మళ్లీ మళ్లీ తీసి సిరా తగలెయ్యకుండా, స్పైన్ రంగు, ఒక ముఖం, ఒక ముదురు మూల ఉండేలా 40 మి.మీ. పట్టీ ఒకటి కత్తిరించి, దాన్నే నాలుగు వెలుగు స్థాయిల్లో ఒక ఎ4 మీద వరుసగా ప్రింట్ చెయ్యండి. ఆరాక పగటి వెలుగులో, ప్లాస్టిక్ పొర కింద పెట్టి, అసలు కవరు పక్కన చూడండి. పొర లేకుండా చూసి ఎంచుకున్న రంగు కేసులోకి వెళ్లాక వేరుగా కనిపిస్తుంది.

అడ్డంగా సమాన దూరాల్లో సన్నటి గీతలు వస్తుంటే నాజిల్ చెక్, హెడ్ క్లీనింగ్, అలైన్‌మెంట్ ఆ వరుసలో చేసుకోవాలి. ఒకే రంగు పరుచుకున్న స్పైన్‌లో ఆ గీతలు దాగవు.

ఆరబెట్టడానికి ఒక రోజు వదలండి. ముట్టుకుంటే పొడిగా అనిపించినా సిరాలోని గ్లైకాల్ లాంటి ద్రవాలు ఇంకా ఆవిరవుతూనే ఉంటాయి. వెంటనే కేసులో పెడితే ఆ ఆవిరి ప్లాస్టిక్ లోపలి వైపు మంచు పట్టినట్టు తెల్లగా పేరుకుంటుంది, ముదురు రంగులు పొరకి అతుక్కుని తడి మచ్చల్లా కనిపిస్తాయి. లేజర్ ప్రింటుకి ఈ నిరీక్షణ అక్కర్లేదు. కానీ పాత మెత్తటి పీవీసీ పొరలకి టోనర్ (లేజర్ రంగు పొడి) కాలక్రమంలో అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ పొర ఉన్న కేసులతో ఆ బాధ లేదు.

మడత, కోత

వరుస ముఖ్యం: ముందు మడత గీత, తర్వాతే కోత. కోసేస్తే బయటున్న మడత గుర్తులు పోతాయి.

మడత గీతకి బోన్ ఫోల్డర్ (మడత గీత నొక్కే మొద్దు పనిముట్టు) గానీ, సిరా అయిపోయిన బాల్‌పెన్ను గానీ చాలు. కటింగ్ మ్యాట్ మీద ప్రింటుని అచ్చు వైపు పైకి ఉంచి, దాని మీద ట్రేసింగ్ పేపరు పరిచి, పై మడత గుర్తుని కింది మడత గుర్తుని స్టీలు స్కేలుతో కలిపి, ఒకే ఒత్తిడితో ఒక్కసారి గీయండి. ట్రేసింగ్ పేపరు సిరాని కాపాడుతుంది. అచ్చు వైపు నుంచి నొక్కితే వెనక వైపు సన్నటి గట్టు లేస్తుంది. మడిచినప్పుడు ఆ గట్టు లోపలికి ఉండాలి, అప్పుడే బయటి పొర మీద లాగుడు తగ్గి పూత పగలదు. లోతుగా గీయాలని చూడకండి. కాగితం తెగనక్కర్లేదు, ఎక్కడ వంగాలో తెలిస్తే చాలు. గోళ్లతో నొక్కి పదునైన మడత వెయ్యడం కూడా అనవసరం, మిగతాది కేసే చూసుకుంటుంది.

కోతకి కొత్త బ్లేడు. మొద్దు బ్లేడు గ్లాసీ పూతని కొయ్యదు, చింపుతుంది. స్కేలుని మీరు ఉంచుకునే భాగం మీద పెట్టండి, అప్పుడు కట్టర్ జారినా చెత్త ముక్కే పాడవుతుంది. ఒక్క దెబ్బలో కొయ్యకుండా తేలిగ్గా రెండు మూడుసార్లు పోనివ్వండి.

ఎక్కణ్ణుంచి కొలిచి కొయ్యాలి అన్నదే కోతలో కీలకం. కాగితం అంచు నుంచి కాదు, స్పైన్ నడిమి గీత నుంచి. అక్కణ్ణుంచి రెండు వైపులా 136.5 మి.మీ. ప్రింటర్ అర శాతం తేడా చేసినా అప్పుడు ఆ తేడా రెండు చివరలకీ సమానంగా పోతుంది, అక్కడ బ్లీడ్ ఉంది కాబట్టి ఎవరికీ కనబడదు. ఒక చివర నుంచి కొలుచుకుంటూ వస్తే అదే తేడా స్పైన్ మీదకి వచ్చి పడుతుంది. ఎత్తు విషయంలో పై అంచే ఆధారం. కన్సోల్ లోగోలు చాలా వరకు పై భాగంలో ఉంటాయి, పక్క కేసుల వరుసతో కలవాల్సింది అవే. పై కోత ఖచ్చితంగా పెట్టి, సర్దుబాటు ఏదైనా ఉంటే కింద చేసుకోండి.

నల్ల కవర్లకి కోసిన అంచులో కాగితం తెలుపు సన్నగా మెరుస్తుంది. నల్ల స్కెచ్ పెన్నుని వెనక వైపు నుంచి ఏటవాలుగా పట్టుకుని అంచు వెంబడి ఒకసారి పోనిస్తే సరి. అచ్చు వైపు నుంచి చేస్తే సిరా బొమ్మలోకి పాకుతుంది.

కేసులోకి దూర్చేటప్పుడు కేసుని పూర్తిగా తెరిచి బల్ల మీద పరవండి. కవరుని కొద్దిగా వంచి రెండు భాగాలనీ ఒకేసారి పై నుంచి జార్చండి. ఒక భాగాన్ని అడుగు దాకా తోసి రెండోదాన్ని తర్వాత ఎక్కించబోతే స్పైన్ పై చివర ముడత పడుతుంది. అడుగుకి చేరాక కేసుని సగం మూసి, మడత గీతలు కేసు అంచుల మీద కూర్చునేలా పొర మీద నుంచి వేలితో జరిపి, అప్పుడు పూర్తిగా మూయండి.

సీడీ కేసులు, అట్టపెట్టెలు

అమెరికా ప్లేస్టేషన్ 1, డ్రీమ్‌కాస్ట్ గేమ్‌లు ఎక్కువగా మామూలు సీడీ జ్యువెల్ కేసు కొలతల్లోనే ఉంటాయి. ముందు కాగితం 120 × 120 మి.మీ., వెనక ట్రే కార్డు 151 × 118 మి.మీ., అందులో రెండు పక్కలా 6.5 మి.మీ. స్పైన్లు. యూరప్ ప్లేస్టేషన్ 1 కేసులు ఇంతకంటే మందం కాబట్టి వాటికి నమూనా పద్ధతే గతి. ట్రే కార్డుకి 6.5 మి.మీ. పట్టీలు నిటారుగా నిలబడాలి, వంపు తిరక్కూడదు. అందుకని ఇక్కడ మడత గీత కొంచెం గట్టిగానే గీయాలి, కాగితం కూడా 150 వైపు ఉంటే బాగుంటుంది. రెండు స్పైన్లూ కనిపిస్తాయి కాబట్టి ఒకదాని మీద సరిగ్గా ఉండి రెండోదాని మీద జరిగితే తప్పు మీ ప్రింటు స్కేల్‌లో ఉన్నట్టే.

సూపర్ నింటెండో, నింటెండో 64, గేమ్ బాయ్ అట్టపెట్టెలు పూర్తిగా వేరే పని. అక్కడ కాగితం కాదు, 300 జీఎస్ఎం దగ్గర అట్ట కావాలి, జిగురు చెవులు, మూత నాలుకలు గీయాలి, విప్పిన పెట్టె పెద్దదైతే ఎ4 చాలదు. డీవీడీ కేసు కవరు చేతికి అలవాటయ్యాకే అటు వెళ్లడం మేలు.

ఒక్క పని మాత్రం ఏ కవరుకైనా చెయ్యాలి. బయటికి కనబడని వెనక వైపు ఒక మూలన రీప్రింట్ అనీ, ప్రింట్ చేసిన సంవత్సరమూ చిన్నగా రాయండి లేదా ప్రింట్ చెయ్యండి. కవరు చేతులు మారుతుంది, కొన్నాళ్లకి ఎవరో దాన్ని అసలుదనుకుని అసలు ధర పెడతారు. మంచి ప్రింటుని చూపుతో పట్టుకోవడం కష్టం. పది రెట్లు పెద్దది చేసే భూతద్దంలో మాత్రం తెలుస్తుంది. ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగుల చుక్కలు క్రమంగా చిన్న చిన్న పూల ఆకారంలో పేరుకుని ఉంటాయి, నల్ల అక్షరం అంచు నున్నగా ఉంటుంది. ఇంక్‌జెట్‌లో చుక్కలు ఏ వరుసా లేకుండా చల్లినట్టు ఉంటాయి, అక్షరం అంచుల్లో రంగు చుక్కలు కలిసి ఉంటాయి. భూతద్దం లేని వాళ్లకి వెనక మూలన ఉన్న ఆ ఒక్క మాటే ఆధారం, కాబట్టి చెరిగిపోయే పెన్సిల్‌తో కాక చెరగని సిరాతో రాయండి.